మంగోలియా చిత్రకళయందు బౌద్ధమూర్తుల పునరాగమనము

జ్ఞానవజ్ర యను సంస్కృతనామమే మంగోలుల నోట జనబజర్ అయ్యెను. ఈ నామము గల ప్రథమ జెబ్జుందంబ గురువు (1635-1723) ఆ దేశమునకు ధర్మాచార్యుఁడు మాత్రమే కాక శిల్పాచార్యుఁడు కూడ. ఆయన పోఁతపోసి బంగారుపూఁత పూయించిన తారామూర్తులును బంచధ్యానిబుద్ధులును నేఁటికిని ఉలాన్ బాతరు నగరమునఁ గానవచ్చుచున్నవి. ఈ సంప్రదాయ మర్ధశతాబ్దము తెగియు మరల నెట్లు మొలకెత్తెననుట విచార్యము.

1930వ దశకము చివర సామ్యవాదప్రభుత్వము విహారములను గూల్చెను. వేలకొలఁది లామాలు వధింపఁబడిరి. గందన్ విహారమునందలి జన్రైసిగ్, అనఁగా నవలోకితేశ్వరుని మహావిగ్రహము, తొలగింపఁబడెను. 1944లో నా విహారము తిరిగి తెఱవఁబడినను విగ్రహము రాలేదు. కాని చిత్రకారుల చేయి పూర్వవిద్యను మఱవలేదు. పటచిత్రముల రేఖావిన్యాసమును వర్ణవిభాగమును ‘మంగోల్ జురగ్’ అను లౌకికరీతిలో నిలిచెను. దేవతల స్థానమునఁ బశుపాలకులును నశ్వములును జేరెను. యాదంసురెన్ 1958లో లిఖించిన వృద్ధవాద్యకారుని చిత్ర మిందుకు నిదర్శనము.

1990లోఁ బ్రజాస్వామ్యోద్యమము జయించినపిమ్మట రెండుమార్గము లేర్పడెను. ఒకటి పూజార్థమైనది. ప్రజల విరాళములతో నిర్మితమైన 26.5 మీటర్ల నూతన జన్రైసిగ్ విగ్రహము 1996లోఁ బ్రతిష్ఠింపఁబడెను. ఇందు శాస్త్రోక్తప్రమాణమే ప్రధానము. రెండవది చిత్రశాలలకుఁ జెందినది. 2017లో డాక్యుమెంటా ప్రదర్శనమునఁ బాల్గొన్న నొమిన్ బోల్డ్ పటములందును, బాతర్‌జొరిగ్ బత్‌జర్గల్ మున్నగువారి పటములందును బౌద్ధమూర్తులు నగరజీవనము నడుమ, రాజకీయచిహ్నముల నడుమ నిలిచి వర్తమానమును బ్రశ్నించుచున్నవి.

ప్రతిష్ఠ లేని యీ రెండవది బౌద్ధకళ యెట్లగునని యాక్షేపింపవచ్చును. అది పూజార్హము కాదనుట నిజమే. అయినను జ్ఞానవజ్రుఁడును నేపాళశిల్పుల రీతిని గ్రహించి, దానినే యనుకరింపక, తారకు నూతనయౌవనరూప మొసఁగెను. కావున నవీనత యా సంప్రదాయమునకు విరోధి కాదు.

ఆంధ్రులకు నిందొక సంబంధము గలదు. మంగోలులు సేవించు కాలచక్రతంత్రము తొలుత ధాన్యకటకమున నుపదేశింపఁబడెనని బౌద్ధుల యైతిహ్యము. దలైలామా కాలచక్రదీక్షను 1995లో ఉలాన్ బాతరునందును, 2006లో నమరావతియందును నొసఁగెను. అమరావతిలో శిలలు కొంత మిగిలినను జెక్కినవారి పరంపర నశించెను. మంగోలియాలో మూర్తులు పెక్కు నశించినను జిత్రించు పరంపర మిగిలెను. పునరుజ్జీవనమునకు శిలలకంటె శిష్యపరంపరయే మూలమని దీనివలనఁ దేలుచున్నది.