మల్టీబ్యాగర్

కొన్న ధరకు ఎన్నో రెట్లు పెరిగిన షేరును మన మార్కెట్ మనుషులు ‘మల్టీబ్యాగర్’ అంటారు. బ్యాగ్ అనగానే డబ్బు సంచి గుర్తొస్తుంది. నిజానికి అది బేస్‌బాల్ మైదానంలో బేస్‌గా పెట్టే సంచి. ఒక్క దెబ్బతో ఆటగాడు రెండో బేస్ చేరితే టూ బ్యాగర్, హోమ్ రన్ అయితే ఫోర్ బ్యాగర్.

ఆ మాటను షేర్లకు అంటించి ప్రచారంలోకి తెచ్చింది పీటర్ లించ్. 1977 నుంచి 1990 దాకా అమెరికాలో ఫిడెలిటీ మాగెల్లాన్ ఫండ్‌ను నడిపినవాడు. పదింతలైన షేరును ‘టెన్ బ్యాగర్’ అంటూ 1989లో వచ్చిన తన పుస్తకంలో వివరించాడు. అందులోనే ఒక ఉదాహరణ ఉంది: ఆయన భార్య సూపర్‌మార్కెట్‌లో ‘లెగ్స్’ మేజోళ్లు కొని మెచ్చుకుంది. లించ్ అంతటితో షేరు కొనేయలేదు, వాటిని తయారుచేసే హేన్స్ కంపెనీ లెక్కలు తిరగేశాకే కొన్నాడు. అది ఆరింతలైంది.

టెన్ బ్యాగర్ కాస్తా మన దగ్గర మల్టీబ్యాగర్‌గా స్థిరపడింది. ఎన్ని రెట్లో చెప్పనక్కర్లేదు కాబట్టి టిప్పులిచ్చేవాళ్లకు మహా అనుకూలం. నాకు అభ్యంతరం అక్కడే. పెరిగాక ఇవ్వాల్సిన బిరుదును కొనకముందే తగిలిస్తున్నారు. పదేళ్లలో పదింతలు కావాలంటే షేరు ఏటా సగటున దాదాపు 26 శాతం పెరగాలి, మధ్యలో సగానికి పడిపోయిన రోజుల్లోనూ అమ్మకుండా పట్టుకుని కూర్చోవాలి. టిప్పులో ఆ ముక్క ఉండదు.