పుప్పొడికి రక్తసాక్ష్యం

పుప్పొడి అనగానే మన ప్రబంధకవులకు తుమ్మెదలూ మలయమారుతమూ స్మరణకు వస్తాయి, తుమ్ములు రావు. అదీ న్యాయమే. తుమ్మెదలు మోసే జిగట పుప్పొడి మన ముక్కు దాకా రావడం అరుదు. అపకారం చేసేది గాలికెగిరే గడ్డిపూల పొడి.

1819లో లండను వైద్యుడు జాన్ బోస్టాక్ తన వేసవి పడిశాన్ని వైద్యసంఘం ఎదుట వర్ణించాడు. లోకులు దానికి 'హే ఫీవర్' అని పేరుపెట్టారు. ఎండుగడ్డిదీ దోషం కాదు, అది జ్వరమూ కాదు! మాంచెస్టరులో ఛార్లెస్ బ్లాక్లీ గాలిపటాలతో పై గాలిలోని పుప్పొడిని పట్టాడు, గీరుకున్న తన చర్మానికే దానిని రుద్దుకున్నాడు, 1873లో గ్రంథం ప్రకటించి దోషిని నిరూపించాడు.

దోషి దొరికినా, దేహంలో దానికి స్పందించేదేమిటో తెలియలేదు. 1921లో బ్రెస్లావులో కార్ల్ ప్రౌస్నిట్స్, చేప పడని తన సహచరుడు హైన్స్ క్యూస్ట్నర్ రక్తరసాన్ని తన చర్మంలో ఎక్కించుకున్నాడు. మరునాడు అక్కడే చేపసారం ఎక్కించగా దద్దురు లేచింది. అంటే ఆ గుణం రక్తంలోనే ఉన్నదన్నమాట. దశాబ్దాల పాటు ఇదే పరీక్ష. ఒకరి రక్తరసం మరొకరికి ఎక్కించడం వల్ల కామెర్లు సంక్రమించే ప్రమాదమూ దానితోపాటే ఉండేది.

డెన్వరులో ఇషిజాకా దంపతులు, కిమిషిగే, తెరుకో, రాగ్‌వీడ్ అనే కలుపుమొక్క పుప్పొడి పడని రోగుల రక్తరసాన్ని శోధించి, తమ చర్మం మీదనే పరీక్షించుకుంటూ, 1966లో ఒక కొత్త ప్రతిరక్షకాన్ని ప్రకటించారు. రక్తంలో అది ఎంత స్వల్పమంటే, దానిని వేరుచేసి చేతికి తీసుకోవడమే దుస్సాధ్యం. దైవికంగా అదే కాలంలో స్వీడనులోని ఉప్సలాలో జోహాన్సన్, బెన్నిక్ అనేవారికి ఒక మజ్జ క్యాన్సరు రోగి రక్తంలో ఆ జాతి ప్రోటీనే సమృద్ధిగా దొరికింది. ఒక అభాగ్యుని వ్యాధి లోకానికి కొలబద్ద అయింది. 1968లో లాసాన్ సమావేశం దానికి 'ఐజీఈ' అని నామకరణం చేసింది.

ఆ ఉప్సలావారే లీఫ్ వీడేతో కలిసి 1967లో 'రాస్ట్' పరీక్షను ప్రకటించారు. ఉపాయం సులభం: పుప్పొడి సారాన్ని ఘనపదార్థానికి అంటించి రోగి రక్తరసంలో ఉంచాలి. దానికి తగిన ఐజీఈ ఉంటే అతుక్కుంటుంది, తక్కినది కడిగితే పోతుంది. ఆపై రేడియోధార్మిక అయోడిన్ గుర్తున్న ప్రతిరక్షకంతో అతుక్కున్నదెంతో లెక్కించాలి. ఇక పరుల చర్మంతో పనిలేదు. తరువాత రేడియోధార్మికత స్థానంలో వెలుగునిచ్చే ఎంజైము పద్ధతులు వచ్చాయి.

ఒక్క మాట. రక్తంలో ఐజీఈ కనిపించిన ప్రతివాడూ రోగి కాడు. ఏ ఋతువులో, ఎక్కడ తుమ్ములు వస్తున్నవో వైద్యుడు అడిగి తీరవలసిందే. మన పొలంగట్ల వయ్యారిభామ ఆ రాగ్‌వీడుకు దగ్గరి చుట్టమే. ఇద్దరిదీ పొద్దుతిరుగుడు కుటుంబం కనుక, ఒకదానిపై పుట్టిన ఐజీఈ రెండవదానికీ అతుక్కోవచ్చు. అప్పుడు అసలు దోషి ఎవరో రక్తం ఒక్కటే తేల్చి చెప్పలేదు.