బొమ్మా బొరుసా: ముందువైపు ఎవరిది?



టాస్ వేస్తే మనం బొమ్మా బొరుసా అంటాం. తమిళులు పూవా తలైయా అంటారు. ఈ మాటల్లో ముందూ వెనకా లేవు. బొమ్మ ఉన్న వైపు ఒకటి, రెండో వైపు ఇంకొకటి, అంతే. ఆ తేడా తెచ్చింది నాణేల శాస్త్రం, సర్కారు గెజిట్. ఎవరి అధికారం మీద నాణెం చెల్లుతుందో, సాధారణంగా వాళ్ల గుర్తు ఉన్నదే ముందువైపు.

చరిత్ర చూడండి. ఈస్టిండియా కంపెనీ చాలాకాలం తన రూపాయల మీద మొగల్ చక్రవర్తుల పేర్లే పారశీ అక్షరాల్లో వేసింది. బలం కుదిరాక 1835లో నాలుగో విలియం తలకాయ ఎక్కించింది. పాలకుడు మారాడని ఊరూరికీ చాటింది ఆ తలకాయే.

ఇంకా వెనక్కి వెళ్దాం. శాతవాహన పులుమావి వెండి నాణేలకు ముందువైపు రాజు తల, చుట్టూ ప్రాకృతం. వెనకవైపు ఉజ్జయిని గుర్తు, దాని చుట్టూ ఒక దక్షిణాది భాష. అది తమిళమని కొందరు, తెలుగుకు దగ్గరని కొందరు వాదిస్తారు. తెలుగు సాహిత్యం చదివిన నన్ను ఆ వాదన కంటే ఆ చోటే ఎక్కువ ఆలోచింపజేస్తుంది. ప్రాకృతం రాజు ముఖం పక్కన ఉంది. ఈ నేల మీది మాట వెనక ఉంది.

ఇప్పుడు మన నాణెం. 2015 డిసెంబర్ 6న బాబాసాహెబ్ 125వ జయంతి సందర్భంగా 125 రూపాయల నాణెం, 10 రూపాయల నాణెం విడుదల చేశారు. గెజిట్ లెక్కలో మూడు సింహాలున్నది ముందువైపు. అంబేడ్కర్ ఉన్నది వెనకవైపు. ఇందులో వివక్ష వెతకక్కర్లేదు, స్మారక నాణేలన్నిటికీ ఇదే పద్ధతి. కానీ ఆ పది రూపాయలు మన పిల్లల చేతికిచ్చి బొమ్మ ఏదంటే బాబాసాహెబ్‌నే చూపిస్తారు. జనం మాట గెజిట్‌ను తిరగేసింది!

అయితే నా బాధ వేరే ఉంది. ఆ బొమ్మకు దండ వేస్తున్నాం, దాని బొరుసు చదవడం లేదు. రూపాయి సమస్య మీద ఆయన పుస్తకం 1923లో లండన్‌లో అచ్చయింది. 1925లో వచ్చిన హిల్టన్ యంగ్ కమిషన్ ముందు ఆయన సాక్ష్యం చెప్పాడు. రూపాయి విలువ పడితే దేశానికి లాభమని వ్యాపారులు వాదించిన రోజులవి. ఆ లాభం బయటి నుంచి రాదు, ధరలు పెరిగినంత వేగంగా కూలి పెరగదు కాబట్టి కూలివాడి జేబులోంచే వస్తుంది అన్నది ఆయన తర్కం. అణాపైసలు లెక్కపెట్టుకునే ఇళ్లకు ఇంతకంటే దగ్గరి ఆర్థికశాస్త్రం ఏముంటుంది?

రాజ్యాంగ నిర్మాతగా ఆయన్ని అందరూ ఒప్పుకుంటారు. ఆర్థికవేత్తగా ఒప్పుకుంటే కూలి రేట్ల గురించి జవాబు చెప్పాల్సి వస్తుంది. అందుకే ఆ వైపు తిప్పరు.

మనం తిప్పుదాం. ఈ ఏప్రిల్ 14కు దండతో పాటు ఆ పుస్తకంలో ఒక్క అధ్యాయమైనా హాస్టల్ గదిలో కలిసి కూర్చుని చదవండి.

జై భీమ్.