కడప దారిలో కాశీయాత్ర: 1830 నాటి ప్రయాణపు ఏర్పాట్లు

మన సంఘాలలో యాత్ర అనే మాట ప్రసంగంలోను పాటలోను తరచుగా వినబడుతుంది. 120 మొదలు 134 వరకు గల కీర్తనలకు మన బైబిలులో యాత్రకీర్తన అనే శీర్షికే ఉంది. బన్యన్ యాత్రికుని ప్రయాణము మనకు చిరకాలంగా పరిచయమైన గ్రంథం. అయితే ఆ మాట వెనుక కాళ్లు, నీళ్లు, బియ్యపు మూట ఉన్నాయన్న సంగతి మరుగున పడింది. 121వ కీర్తనలోని కొండలు, నీడ, కాలు తొట్రిల్లడం అనేవి బాట నడిచినవారికి అలంకారాలు కావు. యాత్రకు ముందు ఏమేమి సమకూర్చుకొనేవారో తెలిసికొనడానికి పాలస్తీనా దాకా పోనక్కరలేదు. కడప జిల్లా గుండా సాగిన ఒక యాత్ర మజిలీ మజిలీకీ రాతలో నిలిచి ఉంది.

మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రెటరుగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న బయలుదేరి 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. పోయేటప్పుడు తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరుల మీదుగా కాశీకి వెళ్లారు. వెంట సుమారు వందమంది పరివారం. దారిలో ఆయన వ్రాసిన సంగతులను మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లె కూర్చగా, రచయిత మరణించిన రెండేండ్లకు, 1838లో కాశీయాత్ర చరిత్ర అచ్చయింది. దీనిని యాత్రాసాహిత్యమని పిలవడం పరిపాటి. మాకు మాత్రం ఇది చాలావరకు ఏర్పాట్ల చిట్టాగా కనబడుతుంది. ఊరిలో అంగళ్లు ఉన్నాయా, నీరు మంచిదా, దిగడానికి సత్రమో తోపో ఉందా, ఏరు ఎలా దాటాలి, ఏ నాణెం ఎక్కడిదాకా చెల్లుతుంది: తరువాత వచ్చేవానికి పనికివచ్చే సంగతులివి. వందమందికి వంటకు, స్నానానికి చాలినంత నీరు లేని ఊరు ఎంత దగ్గరగా ఉన్నా మజిలీ కాదు. ఒక దినప్రయాణం ఎంతో నిర్ణయించేది కాళ్ల బలం కన్న బావి అని చెప్పవచ్చు. పన్నెండేండ్ల యేసు గుంపులోనే ఉన్నాడనుకొని తలిదండ్రులు ఒక దినప్రయాణం సాగిపోయిన సంగతి లూకా వ్రాశాడు. రాత్రి మజిలీలో మనుషులను లెక్క చూచుకొనే అలవాటు తెలిసినవారికి ఆ కథ ఇంకొక విధంగా అర్థమవుతుంది.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ఈ బాట మీద లేవు. తిరుపతి నుండి వచ్చే దారి ఒంటిమిట్ట మీదుగా కడప చేరి, అక్కడినుండి దువ్వూరు వైపుగా ఉత్తరానికి సాగుతుంది. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు దానికి పడమటగా పెన్న ఒడ్డున ఉన్నాయి. పులివెందుల ఇంకా నైరుతిగా ఉంది. (పులివెందుల పేరు వినగానే నేటి పాఠకునికి రాజకీయ పాదయాత్రలు గుర్తుకు వస్తాయి. అది వేరే వ్యాసం.) కనుక ఈ ఊళ్లవారికి పెద్దబాటను కలుసుకొనడమే మొదటి సమస్య. జమ్మలమడుగువారు ప్రొద్దుటూరు మీదుగా దువ్వూరు చేరాలి. పులివెందులవారికి వేంపల్లె మీదుగా కడప దారి ఒకటి, తిరుపతికైతే రాయచోటి దారి మరొకటి. ఎండాకాలంలో పెన్న ఇసుకే. చెలమ తవ్వి నీరు తోడుకోవాలి. వాన పడితే నల్లరేగడి కాలికి అంటుకొని అడుగు లేవదు, బండి చక్రం తిరగదు. ఈ రెంటికీ నడుమ, పంటలు ఇంటికి చేరిన సంక్రాంతి తరువాతి వారాలే నడకకు అనువైనవి. శ్రీశైలంలో శివరాత్రి కూడ ఆ రోజులలోనే వస్తుంది.

దారి భద్రత మరొక లెక్క. 1816లో పిండారీలు గుంటూరు, కడప ప్రాంతాలపై పడి దోచుకున్నారు. 1817-18 యుద్ధంలో వారి బలం విరిగింది. అది జరిగి పన్నెండేండ్లే అయిన కాలంలో వీరాస్వామయ్య మధ్య ఇండియా దాటారు. సుంకం కూడ లెక్కలో చేరేది. శ్రీశైలంలో కందనూరు నవాబు యాత్రికుల దగ్గర వసూలు చేసే సొమ్మును ఆయన ప్రస్తావించారు. ప్రయాగ, గయలలో కంపెనీ ప్రభుత్వమే యాత్రికుల పన్ను తీసుకొనేది. ఆ పన్నును ఖండిస్తూ ఒరిస్సాలో పనిచేసిన మిషనరీ జేమ్స్ పెగ్స్ గ్రంథం ప్రకటించినది కూడ 1830లోనే. 1840లో పన్ను రద్దయింది. విగ్రహారాధన సొమ్ములో క్రైస్తవ ప్రభుత్వానికి పాలు ఉండరాదన్నది పెగ్స్ వాదన. యాత్రికుని సంచి తేలికపడడం దానివలన కలిగిన మరొక ఫలితం.

వీరాస్వామయ్య కడపలో దిగేనాటికి అక్కడ లండన్ మిషన్ పని మొదలై ఎనిమిదేండ్లు (1822). మిషనరీల డేరా సంచారాలకు కూడ ఇవే బాటలు, ఇవే తోపులు, ఇవే బావులు ఆధారం. అందుచేత జిల్లా సంఘచరిత్ర వ్రాయబూనే విద్యార్థులు మిషన్ నివేదికల పక్కన కాశీయాత్ర చరిత్రను కూడ ఉంచుకొని చదవాలని మేము కోరుతున్నాం. రెంటిలోను ఒకే ప్రశ్న అడగవలసి ఉంది: బరువు ఎవరు మోశారు? వీరాస్వామయ్య ప్రయాణం ముఖ్యంగా పల్లకిలో సాగింది. నడిచినవారు బోయీలు, కావడివారు, పనివారు. వారికి ముట్టినది కూలి. పుణ్యం సంగతి ఎవరూ లెక్క వేయలేదు. మిషనరీ నివేదికలో "మేము ఫలానా ఊరు చేరాం" అన్న వాక్యం వెనుక కూడ డేరా మోసినవారు, బండి తోలినవారు, ముందుగా పోయి పొయ్యి రాజేసినవారు ఉన్నారు. మన సంఘాల పూర్వికులలో అనేకులు కూలి చేసి బ్రదికినవారే గనుక ఈ ప్రశ్న మనకు పరాయిది కాదు.

1871 నాటికి మద్రాసు నుండి కడప మీదుగా రాయచూరు దాకా రైలుమార్గం పూర్తయింది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగులకు ఎర్రగుంట్ల, పులివెందులకు ముద్దనూరు రైలుస్టేషన్లయ్యాయి. పెద్దబాట ఈ ఊళ్లకు అలా దగ్గరైంది. దూరయాత్రలలో బోయీల అవసరం తగ్గింది. ప్రొద్దుటూరుకు, జమ్మలమడుగుకు సొంత రైలు మాత్రం 2016లో, ఎర్రగుంట్ల - నంద్యాల మార్గంతో వచ్చింది.