గండికోట ఎవరి సొత్తు? ఒక ములాజిమ్ కొలువు మారిన కిస్సా

జమ్మలమడుగు మీదుగా గండికోటకు వెళ్లే మన ఖాందాన్ల వాళ్లు ముందు పెన్నా లోయ దగ్గర ఫోటోలు దిగుతారు. ఎండ ముదిరాక జామియా మస్జిద్ నీడకు చేరతారు. పక్కనే పాత ధాన్యాగారం, కాస్త అవతల రఘునాథస్వామి గుడి. గైడ్ దొరికితే "గోల్కొండ మీర్ జుమ్లా ఈ కోటను గెలిచాడు" అంటాడు. ఉర్దూలో జుమ్లా అంటే వాక్యం అని కూడా అర్థం కదా. ఒక్క జుమ్లాలో మీర్ జుమ్లా ఖతం.

అసలు కిస్సా కోట గెలిచాక మొదలైంది. 1650లో గండికోటను పట్టిన మనిషి 1655 నాటికి నౌకరీ మారాలనుకున్నాడు. పాత మాలిక్ వదల్లేదు. కొత్త మాలిక్ ఆగలేదు. మధ్యలో ఒక జవాన్ కొడుకు ఖైదయ్యాడు, హైదరాబాద్ లూటీ అయింది, గోల్కొండ ఖిలా చుట్టూ తోపులు మోగాయి.

ఈ వ్యవహారం నాకు సరిగ్గా అర్థమైంది తారీఖ్ పుస్తకాలతో కాదు, ఐస్ హాకీతో. నవ్వకండి. టొరంటోలో ఉండే మా బంధువుల అబ్బాయి ఒకసారి ఫోన్‌లో అక్కడి ఎన్‌హెచ్‌ఎల్ లీగ్ ఖాయిదాలు చెప్పాడు. అక్కడ జవాన్ ఆటగాడి మొదటి కాంట్రాక్ట్ అయిపోయినా అతను పూర్తిగా ఆజాద్ కాడు. మామూలుగా 27 ఏళ్ల వయసో, ఏడు సీజన్ల ఆటో నిండేదాకా పాత క్లబ్బుకు అతని మీద ఒక హక్ మిగిలి ఉంటుంది. వేరే క్లబ్బు ఇంత ఇస్తానని కాగితం రాసి, ఆటగాడు దాని మీద దస్తఖత్ పెడితే, పాత క్లబ్బుకు ఏడు రోజుల ముహ్లత్. అంతే జీతం తానే ఇస్తానంటే ఆటగాడు అక్కడే ఉండాలి. ఇవ్వలేనంటే అతన్ని వదిలేసి, జీతం పెద్దదైతే బదులుగా కొత్త కుర్రాళ్లను ఎంచుకునే వంతులు కొన్ని ఆ క్లబ్బు నుంచి తీసుకోవాలి. 2019 జులైలో మాంట్రియల్ క్లబ్బు కరోలినా ఆటగాడు సెబాస్టియన్ ఆహోకు ఐదేళ్లకు 4 కోట్ల 22 లక్షల డాలర్ల పైన రాసిచ్చింది. కరోలినా అంతా తానే ఇచ్చి అట్టిపెట్టుకుంది. 2021లో కరోలినా బదులు తీర్చుకుంది. మాంట్రియల్ కుర్రాడు యెస్పెరి కోట్కానియెమికి ఒక్క ఏడాదికి 61 లక్షల డాలర్లు చూపింది. ఈసారి మాంట్రియల్ వదులుకుని, తన వంతులు తాను తీసుకుంది.

మనకు తెలిసిన క్రికెట్‌లో దీని చుట్టమే "రైట్ టు మ్యాచ్". 2024 నవంబర్ 24న జెద్దాలో జరిగిన ఐపీఎల్ వేలంలో రిషభ్ పంత్‌ను లక్నో 20.75 కోట్లకు పాడితే ఢిల్లీ ఆ హక్ వాడింది. లక్నో 27 కోట్లకు పెంచేసరికి ఢిల్లీ చేతులెత్తేసింది. అదే రోజు మన హైదరాబాద్ ఆటో డ్రైవర్ కొడుకు మొహమ్మద్ సిరాజ్‌ను గుజరాత్ 12.25 కోట్లకు తీసుకుంది. ఏడు సీజన్లు ఆడించుకున్న బెంగళూరు ఆ హక్ వాడనే లేదు. సిరాజ్ పోవడానికి మొహ్తాజ్‌గా ఎవరి ఇజాజత్ కోసమూ ఎదురుచూడలేదు, అతన్ని ఆపాలని కూడా ఎవరూ అనుకోలేదు. ఆ రెండో మాట కొంచెం గుచ్చుకుంటుంది. ఇక మన హాకీ ఇండియా లీగ్‌లో అయితే ముజాకరాత్ అనే మాటే లేదు. 2024 వేలంలో 2, 5, 10 లక్షల మెట్లలో ఒక కనీస ధరకు పేరు రాసిచ్చి కూర్చోవడమే, మిగతాది పాడేవాళ్ల ఇష్టం.

ఇప్పుడు ఏడు రోజుల ముహ్లత్ లేని, బదులు వంతులు లేని, లీగ్ దఫ్తర్ లేని పదిహేడో శతాబ్దపు దక్కన్‌కు రండి.

మీర్ ముహమ్మద్ సయీద్ ఇరాన్‌లోని అర్దిస్తాన్‌లో ఒక నూనె వ్యాపారి కొడుకు. గోల్కొండకు వజ్రాల తిజారత్ దారిన వచ్చాడు. గనులు ఇజారాకు పట్టాడు, ఓడలు నడిపాడు, 1630ల్లో మచిలీపట్నం హవాల్దార్ అయ్యాడు, అక్కణ్ణుంచి సల్తనత్‌లో మీర్ జుమ్లా పదవి దాకా ఎక్కాడు. సుల్తాన్ అబ్దుల్లా కుతుబ్ షా అతన్ని కర్నాటక్ మీదికి పంపాడు. ఆ రోజుల్లో కర్నాటక్ అంటే మన కడప నుంచి కిందికి తమిళ తీరం దాకా ఉన్న విజయనగరపు మిగులు నేల. యూరప్ ఫిరంగీలను జీతానికి పెట్టుకుని, తన డబ్బు పోసి, ఒక్కో కోటా లాగుతూ 1650లో గండికోట ముందు నిలబడ్డాడు.

లోపల ఉన్నది పెమ్మసాని చినతిమ్మానాయుడు. ఆయనదీ ఒక కొలువే అని మర్చిపోకూడదు. రాయల కాలంలో నాయకులకు నేల ఇచ్చేది ఫౌజ్ నిలపడానికి, ఇంత శిస్తు కట్టడానికి. రాయల దర్బారే కూలిపోతున్నప్పుడు ఆ ఒప్పందం ఎవరితో? ఈ ప్రాంతంలో తరతరాలుగా చెప్పుకునే రివాయత్ ఒకటుంది. ముట్టడి సాగక మీర్ జుమ్లా మాటలకు దిగాడట. గండికోట వదిలితే గుత్తి కోట ఇస్తానన్నాడట. తీరా కౌలు కాగితం చేతికి వచ్చేసరికి అందులో ఉన్నది గుత్తి కాదు, హనుమనగుత్తి అనే చిన్న పల్లె. తిమ్మానాయుడు ఆ అవమానం తట్టుకోలేక విషం తాగాడని కథ. దీన్ని తారీఖ్‌గా కాదు, రివాయత్‌గానే తీసుకోండి. కానీ చూడండి, రాయలసీమ జనం మూడొందల డెబ్బై ఏళ్లుగా గుర్తుపెట్టుకున్నది కత్తి గాయాన్ని కాదు, కాగితంలో మారిన ఒక పేరును. దస్తఖత్ పెట్టే ముందు కాగితం ఎవరితోనైనా చదివించుకోవాలని మా ఇళ్లల్లో పెద్దవాళ్లు చెప్పే మాటకు ఇంతకన్నా పాత దాఖలా నాకు దొరకలేదు.

కోట చేతికొచ్చాక మీర్ జుమ్లా దాన్ని తన ఠికానా చేసుకున్నాడు. 1652లో ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియర్ సరుకు పట్టుకుని ఇక్కడికి వచ్చాడు. మీర్ జుమ్లా తన గుడారంలో కూర్చుని, ఖతుల కట్ట ఒకటి కాలి వేళ్ల మధ్య, ఇంకొకటి చేతి వేళ్ల మధ్య పెట్టుకుని, ఒకదాని తర్వాత ఒకటి జవాబులు రాయించడం ఆయన చూశాడు. ఫ్రాన్స్‌లోని బూర్జ్ ఊరివాడు క్లోద్ మాయె గండికోటలో మీర్ జుమ్లా కోసం తోపులు పోతపోయడానికి పూనుకున్నాడని కూడా రాశాడు. వాటికి లోహం గుళ్ల విగ్రహాల నుంచి తెచ్చిందేనని కూడా ఆయనే రాశాడు. మనవాళ్లు గండికోట గురించి రాసేటప్పుడు ఈ ముక్క దగ్గర కలం దాటవేస్తారు. దాటవేయకూడదు. ఆ మస్జిద్ గోడల అందం ఎంత నిజమో ఇదీ అంతే నిజం.

చరిత్రకారుడు జదునాథ్ సర్కార్ చెప్పిన లెక్కలో ఈ కర్నాటక్ పొడవు 300 మైళ్లు, వెడల్పు 50, ఏడాది ఆమ్దనీ 40 లక్షల రూపాయలు. పైగా వజ్రపు గనులు. ఇక్కడే అసలు తకరార్. ఇదంతా ఎవరిది? మీర్ జుమ్లా దృష్టిలో ఇది తన అక్లుతో, తన ఖజానాతో సంపాదించింది. కుతుబ్ షా దృష్టిలో తన ములాజిమ్, తన ఫౌజ్‌తో, తన పేరు మీద గెలిచింది, కాబట్టి సల్తనత్‌ది. అబ్దుల్లా కుతుబ్ షాను అసూయతో రగిలిపోయిన బలహీనుడిగా చూపించడం రివాజైపోయింది. నాకది పూర్తి ఇన్సాఫ్ అనిపించదు. ఏమీ లేని ఒక ఇరానీ తాజిర్‌కు బందరు అప్పగించి, పదవి ఇచ్చి, ఫౌజ్ ఇచ్చి పెద్దచేసింది ఆ దర్బారే. కుర్రాడిని తయారుచేసిన క్లబ్బుకు ఏదో ఒక హక్ ఉండాలన్న హాకీ ఖాయిదా వెనక ఉన్న వాదనా ఇదే. తప్పంతా ఆ హక్‌ను ఎలా పట్టుకున్నాడన్న దగ్గర ఉంది.

సుల్తాన్ దర్బారుకు రమ్మన్నాడు. మీర్ జుమ్లా కర్నాటక్ వదిలి రాలేదు. దూరం నుంచే మూడు వైపులా ఖతో-కితాబత్ నడిపాడు: బీజాపూర్‌తో, ఇరాన్ షాతో, 1653 నుంచి దక్కన్‌లో ముగల్ సుబేదార్‌గా ఉన్న ఔరంగజేబ్‌తో. ఎవరికీ అవునని చెప్పలేదు, కాదనీ చెప్పలేదు. ధర తేలేదాకా నాన్చడం ఈనాటి ఆటగాళ్ల ఏజెంట్లు కనిపెట్టిన హునర్ ఏమీ కాదు.

కానీ గోల్కొండలో అతని వాళ్లున్నారు. కొడుకు ముహమ్మద్ అమీన్ తండ్రికి నాయబ్‌గా దర్బారులో మసిలేవాడు. జవాన్, మగ్రూర్. తాగి దర్బారుకు వచ్చి సుల్తాన్ గద్దె మీదే పడుకుని కక్కేశాడని చెప్తారు. అంతకాలం అణచుకున్న కోపానికి ఆ రోజు బహానా దొరికింది. 1655 నవంబర్ 21న కుతుబ్ షా అమీన్‌ను, ఇంటివాళ్లను ఖైద్‌లో పెట్టి, ఆస్తి జప్తు చేశాడు. పట్టుకోవలసిన తండ్రి దొరక్క కొడుకు జమానత్ అయ్యాడు. అంతకన్నా ఎక్కువ జీతం, అంతకన్నా పెద్ద ఇజ్జత్ చూపి మీర్ జుమ్లాను నిలుపుకోవడం గోల్కొండ శక్తికి మించినది, నిజమే. వదిలేసి బదులు అడగడానికి మాత్రం దారి ఉండింది. ఆ దారి తొక్కలేదు.

ఔరంగజేబ్ కోరుకున్నది సరిగ్గా ఇదే. డిసెంబర్‌లో షాజహాన్ దగ్గరి నుంచి కాగితాలు వచ్చాయి. మీర్ జుమ్లాకు 5,000 మన్సబ్, అమీన్‌కు 2,000. వాళ్లను, వాళ్ల మాల్‌ను ఆపొద్దని కుతుబ్ షాకు హుకుమ్. ఈ హుకుమ్‌ను కాస్త ఆగి చూడాలి. 1636 ఒప్పందం తర్వాత గోల్కొండ ఏడాదికి రెండు లక్షల హున్నులు ముగల్‌లకు కట్టే సల్తనత్. అంటే ఆటగాడిని లాక్కునే క్లబ్బూ, ఖాయిదాలు రాసే దఫ్తరూ ఒకటే. అలాంటి చోట కుతుబ్ షా ఏ ఫిర్యాద్ ఎవరికి చేసుకోవాలి?

1656 జనవరిలో ఔరంగజేబ్ కొడుకు ముహమ్మద్ సుల్తాన్ ఫౌజ్‌తో హద్దు దాటాడు. కుతుబ్ షా రాత్రికి రాత్రి హైదరాబాద్ వదిలి గోల్కొండ ఖిలాలోకి పోయాడు. అమీన్‌ను విడిచిపెట్టాడు కూడా. ఆస్తి తిరిగి ఇవ్వలేదు కాబట్టి హుకుమ్ పూర్తిగా పాటించనట్టే అన్నారు ముగల్‌లు. షహర్ లూటీ అయింది. మహల్‌లోని ఖీమతీ కితాబులు, చీనీ పింగాణీ పోయాయి. ఫిబ్రవరి 7 నుంచి ముట్టడి. మార్చి 20న మీర్ జుమ్లా కర్నాటక్ నుంచి తన ఫౌజ్, ఏనుగులు, తోప్‌ఖానాతో వచ్చి ఔరంగజేబ్‌తో కలిశాడు. తను ఒకప్పుడు సలాం చేసిన ఖిలాకు ఎదురుగా డేరా వేశాడు. ఢిల్లీలో దారా షికో నచ్చజెప్పడంతో షాజహాన్ ఆపమన్నాడు. మార్చి 30న ముట్టడి ఎత్తేశారు. కుతుబ్ షా ఒక కూతురిని ముహమ్మద్ సుల్తాన్‌కిచ్చి నికాహ్ చేశాడు, కోటి రూపాయల హర్జానా ఒప్పుకున్నాడు, రాంగిర్ జిల్లా వదులుకున్నాడు. మనిషిని పోగొట్టుకున్నవాడే హర్జానా కట్టాడు. బదులు ఎటు నుంచి ఎటు పోవాలో అటు కాకుండా తిరగబడింది.

మరి గండికోట? కర్నాటక్ తనదేనని కుతుబ్ షా చివరిదాకా అడిగాడు. ఔరంగజేబ్ ఒప్పుకోలేదు. మీర్ జుమ్లా జులైలో ఢిల్లీ చేరి, పెద్ద వజ్రంతో సహా లక్షల విలువైన నజరానాలు పెట్టి, ముఅజ్జం ఖాన్ ఖితాబుతో ముగల్ వజీర్ అయ్యాడు. షాజహాన్ కర్నాటక్‌ను అతనికే జాగీర్‌గా రాసిచ్చాడు. పొలం దున్నే రైతు మాత్రం ఎప్పటిలాగే శిస్తు కట్టాడు. ఏ దర్బారు ముద్ర ఉన్న రసీదు మీదో అన్నది ఒక్కటే మారింది.

ఉర్దూ మీడియంలో చదివే రోజుల్లో మా క్లాసులో మీర్ జుమ్లా పేరొస్తే ఎవరో ఒకరు "నమక్ హరామ్" అనేవాళ్లు. తర్వాత తెలుగు డిగ్రీలో చేరితే అక్కడ అతను తురక సేనాపతి, తిమ్మానాయుడు హిందూ వీరుడు. రెండూ సుఖంగా చెప్పుకునే కథలే. మొదటిది ఉప్పు పెట్టినవాడికి మనిషి మొత్తం సొంతమంటుంది. రెండోది చూడండి: ముసల్మాన్ సుల్తాన్ ములాజిమ్‌ను ముసల్మాన్ పాద్షా లాక్కున్నాడు, ముసల్మాన్ ఫౌజ్ హైదరాబాద్‌ను లూటీ చేసింది. ఇందులో మజ్‌హబ్ ఎక్కడుంది? ఉన్నది నౌకరీ, జాగీర్, హిసాబు.

అమీన్ కథ ఇంకా అయిపోలేదు. రెండేళ్ల తర్వాత షాజహాన్ జబ్బుపడ్డాడు, అన్నదమ్ముల మధ్య తఖ్త్ కోసం పోటీ మొదలైంది. దక్కన్‌లో ఉన్న మీర్ జుమ్లాను దర్బారుకు తిరిగి రమ్మన్నారు. ఇంటివాళ్లు ఉత్తరాన దారా అందుబాటులో ఉన్నారు. దారా అమీన్‌ను కొన్నాళ్లు బంధించాడు కూడా, షాజహాన్ విడిపించాడు. రెండోసారీ అదే కొడుకు, అదే జమానత్. ఈసారి ఔరంగజేబ్ ఒక ఉపాయం పన్నాడు. 1658లో మీర్ జుమ్లాను తానే గిరఫ్తార్ చేయించి దౌలతాబాద్ ఖిలాలో పెట్టాడు. అది ఇద్దరూ మాట్లాడుకుని ఆడిన నాటకమని ఆ కాలపు ఫ్రెంచి వైద్యుడు బెర్నియర్ రాశాడు, చరిత్రకారులు చాలామంది ఒప్పుకున్నారు. ఖైదీ అయ్యాడంటే ద్రోహి కాడు, కాబట్టి అక్కడ భార్యాపిల్లలకు ముప్పు తప్పింది. అతని తోప్‌ఖానా, ఫిరంగీ గోలందాజులతో సహా, జప్తు పేరుతో ఔరంగజేబ్ చేతికొచ్చింది. ఆ ఎండాకాలం అది నర్మద దాటి ఆగ్రా వైపు కదిలింది.