థర్మాకోల్‌కు రెక్కలొచ్చిన వైనం

ఇంట్లో చేసుకున్న ఫోమ్ విమానాన్ని విప్పి బల్ల మీద పరిచి చూడండి. రెక్కకు వాడిన షీటు ఇళ్ల గోడలకూ నేలకూ వేడి, చలి తగలకుండా వేయడానికి పుట్టింది. బ్యాటరీ మొదట వీడియో కెమెరాల కోసం, తర్వాత సెల్‌ఫోన్ల కోసం ఎదిగింది. మోటారు పూర్వీకుల్లో కంప్యూటర్ సీడీ డ్రైవు ఒకటి. రెక్కను పట్టి ఉంచే పుల్లలు కబాబులు గుచ్చేవి. కొన్ని వేల రూపాయలతో ఒక డిగ్రీ కుర్రాడు సొంత విమానం ఎగరేయగలుగుతున్నాడంటే, ఎవరి పని మీద వాళ్లు తయారుచేసిన ఈ వస్తువులన్నీ ఒకచోట కలవడమే కారణం. అవి కలవడానికి అరవై ఏళ్లకు పైనే పట్టింది.

రేడియోతో నడిచే మోడల్ విమానం ఫోమ్ కంటే వయసులో పెద్దది. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం, కలమజూ ఊరి కవలలు వాల్టర్ గుడ్, విలియం గుడ్ 1937లో 'గఫ్' అనే విమానాన్ని ఎగరేశారు. వాల్టర్‌ది మోడళ్లు కట్టే చెయ్యి, విలియంది హామ్ రేడియో పిచ్చి. ఎనిమిది అడుగుల రెక్క, పెట్రోలు ఇంజిన్. రేడియో సిగ్నల్ చేసే పని ఒక్కటే: మెలితిప్పిన రబ్బరు బ్యాండును ఒక మెట్టు వదలడం. ఒక సిగ్నల్‌కు చుక్కాని ఓ పక్కకు తిరుగుతుంది, సిగ్నల్ ఆపితే మధ్యకు వస్తుంది, తర్వాతి సిగ్నల్‌కు రెండో పక్కకు తిరుగుతుంది. ఈసారి ఎటు తిరగబోతోందో కింద నిల్చున్న మనిషే గుర్తుపెట్టుకోవాలి. ఇంత తక్కువ అదుపుతో దాన్ని క్షేమంగా దింపగలిగారంటే ఆ అన్నదమ్ములకు చేతులెత్తి మొక్కాలి. ఆ గఫ్ ఇప్పుడు స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది.

దాని ఒళ్లు కర్రది. అప్పటికీ, ఆ తర్వాత చాలాకాలానికీ మోడల్ విమానమంటే బాల్సా కర్రే. దక్షిణ అమెరికాలో, ముఖ్యంగా ఈక్వెడార్‌లో పెరిగే బాల్సా చెట్టు కర్ర చాలా తేలిక, దానికి తగ్గ గట్టిదనమూ ఉంటుంది. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటన్ తన మస్కిటో యుద్ధవిమానం ఒంటికీ దాన్నే వాడింది. కానీ బాల్సాతో మోడల్ కట్టడమంటే ఒక్కొక్క పక్కటెముకనూ కోసి, అతికి, పైన కాగితమో సిల్కో కప్పి, అది బిగుసుకునేలా డోపు అనే వార్నిష్ పూసి, వారాలూ నెలలూ కూర్చోవడం. ఆ శ్రమంతా నేలకు ఒక్కసారి ముక్కు తగిలితే పోతుంది. కట్టడం వచ్చిన వాళ్లెందరో ఎగరేయడం సరిగా నేర్చుకోలేకపోయారని నా అనుమానం. విరుగుతుందన్న భయం చేతిలో ఉన్నంతసేపూ చెయ్యి తిరగదు.

ఫోమ్ కథ వేరేచోట నడుస్తోంది. 1940ల మొదట్లో అమెరికాలో డౌ కంపెనీ శాస్త్రవేత్త రే మెకింటైర్, కరెంటు తీగల ఇన్సులేషన్‌కు రబ్బరులా సాగే పదార్థం చేద్దామని స్టైరీన్‌లో ఐసోబ్యుటిలీన్ కలిపి పీడనంలో పెట్టాడు. రబ్బరు బదులు గాలిబుడగలతో నిండిన తేలికపాటి నురుగు వచ్చింది. స్వీడన్‌కు చెందిన కార్ల్ మున్‌టర్స్ అలాంటిదాన్ని అంతకుముందే కనిపెట్టి ఉండటంతో డౌ ఆ హక్కులు తీసుకుని స్టైరోఫోమ్ తయారీ మొదలుపెట్టింది. అది మొదట ఎక్కింది గాల్లోకి కాదు, నీళ్ల మీదికి: అమెరికా కోస్ట్‌గార్డు ప్రాణరక్షక తెప్పల్లోకి. 1949లో జర్మనీలో బీఏఎస్ఎఫ్ శాస్త్రవేత్త ఫ్రిట్జ్ స్టాస్ట్నీ ఒక షూ పాలిష్ డబ్బాలో పెట్టిన పాలిస్టైరీన్ నమూనాను ఆరబెట్టే అలమరలో వదిలితే, అది ఉబ్బి మూతను పైకి లేపింది. మనం థర్మాకోల్ అంటున్నది ఆ దారిలో వచ్చిందే. దాని పరిమాణంలో దాదాపు 98 శాతం గాలి.

ఇంత తేలికైన సరుకు చేతికందాక కూడా విమానం పూర్తిగా ఫోమ్‌ది కావడానికి ఇంజిన్లు ఒప్పుకోలేదు. పెట్రోలు పడితే థర్మాకోల్ కరిగిపోతుంది. ఇంజిన్ వేడి, అదురు, నూనె పొగ కూడా దానికి సరిపడవు. అందుకని ఫోమ్‌ను వేడి తీగతో రెక్క ఆకారంలో కోసి, దాని మీద బాల్సా పలక అతికేవారు. ఫోమ్ లోపలే ఉండిపోయింది.

అది బయటికి రావాలంటే ఇంజిన్ బదులు కరెంటు మోటారుతో ఎగిరే విమానం రావాలి. 1957 జూన్ 30న ఇంగ్లండులో కర్నల్ టాప్లిన్ తన 'రేడియో క్వీన్'ను సిల్వర్ జింక్ బ్యాటరీతో ఎగరేశాడు. దారి తెరుచుకుంది గానీ బ్యాటరీల బరువు చాలాకాలం వెనక్కి లాగుతూనే ఉంది. 1991లో సోనీ లిథియం అయాన్ బ్యాటరీని మార్కెట్లోకి తెచ్చింది. ఆ కుటుంబంలోని లిథియం పాలిమర్ బ్యాటరీలు 2000 తర్వాత మోడల్ విమానాల్లోకి వచ్చాయి. సరిగ్గా అప్పుడే కొందరు ఔత్సాహికులు పాడైన సీడీ డ్రైవుల మోటార్లు విప్పి, రాగితీగ కొత్తగా చుట్టి, బలమైన అయస్కాంతాలు అతికి, బయటి గిన్నె తిరిగే బ్రష్‌లెస్ మోటార్లు చేశారు. ఇవాళ దుకాణంలో దొరికే '2212, 1000 కేవీ' మోటారు ఆ తరహాదే: లోపలి చుట్ట వ్యాసం 22 మిల్లీమీటర్లు, ఎత్తు 12, వోల్టుకు నిమిషానికి వెయ్యి చుట్ల వేగం.

వీటికి ముందే, 1990ల్లో, కాలిఫోర్నియా కొండవాలు గాలుల్లో 'జాగీ' లాంటి తోకలేని రెక్కలు ఎగిరేవి. అవి ఈపీపీ అనే, నొక్కితే మళ్లీ లేచే ఫోమ్‌తో చేసినవి. కావాలని ఒకదానితో ఒకటి గుద్దించి ఆడేవారు. గుద్దుకున్నా ఏమీ కాని విమానం ఉండొచ్చని అక్కడే రుజువైంది. ఫోమ్ చేసిన అసలు మేలు ఖరీదు తగ్గించడం కంటే ఇదేనని నేను నమ్ముతాను.

ఆ మేలును ప్రతి ఇంటికీ చేర్చింది ఫోమ్ బోర్డు. రెండు కాగితాల నడుమ ఫోమ్ ఉండే ఈ అట్టను 1957లో మోన్సాంటో కంపెనీ ఫోమ్‌కోర్ పేరుతో తెచ్చింది. ఫొటోలు అంటించడానికీ ప్రదర్శన బోర్డులకూ వాడేవారు. 2010 తర్వాత ఒహాయోలోని ఫ్లైట్ టెస్ట్ బృందం దాన్నే కోసి, మడిచి విమానం చేసే పద్ధతిని వీడియోల్లో చూపించి ప్లాన్లు ఉచితంగా ఇచ్చింది. బ్లేడు సగం లోతుకే దింపాలి. కింది కాగితం తెగకుండా మిగిలితే అదే మడత బందు.

రెక్క వంపు గురించి ఒక మాట. న్యూయార్క్‌లో రిచర్డ్ క్లైన్ అనే చిత్రకారుడు కాగితం విమానాలు మడుస్తూ రెక్కలో ఒక మెట్టు పెట్టాడు. ఫ్లాయిడ్ ఫోగుల్‌మన్ అనే ఆయనతో కలిసి 1972లో దానికి పేటెంటు పొందాడు. మామూలు వంపు రెక్క కంటే ఇది మెరుగని విండ్ టన్నెల్ పరీక్షలు తేల్చలేదు. అయినా షీటు మీద సగం వెడల్పు షీటు ఇంకొకటి అతికితే చాలు, చిన్న ఫోమ్ విమానం నెమ్మదిగా, నిబ్బరంగా పోతుంది. ముప్పై ఏళ్ల తర్వాత ఇంట్లో కట్టేవాళ్లే ఆ ఆలోచనను బతికించారు.

మన ఊళ్లలో ఈ పనికి కావలసిన చెయ్యి ఎప్పటి నుంచో ఉంది. పెళ్లి స్టేజీ మీద పేర్లు, వినాయక చవితి పందిట్లో మండపాలు కోసేవాళ్లు వాడే కాలే నిక్రోమ్ తీగతోనే రెక్కనూ కోస్తారు. జిగురు దగ్గర మాత్రం జాగ్రత్త. ఫెవిక్విక్ చుక్క పడితే థర్మాకోల్ గుంట పడిపోతుంది. ఫెవికాల్ ఆరడానికి ఒక పూట తీసుకుంటుంది గానీ ఫోమ్‌ను తినదు. గ్లూగన్‌ను మరీ వేడెక్కనివ్వకూడదు. చుక్కానికి అతికే కొమ్మును పాత ఏటీఎం కార్డు ముక్కతో, ఆ కొమ్మును లాగే కడ్డీని సైకిల్ స్పోకుతో చేసుకోవచ్చు. అన్నీ బిగించాక రెక్క కింద, ముందు అంచు నుంచి నాలుగో వంతుకూ మూడో వంతుకూ మధ్య రెండు వేళ్లు పెట్టి ఎత్తాలి. తోక వాలితే ఎగరేయొద్దు, బ్యాటరీని ముందుకు జరపండి.

ఇక చట్టం సంగతి. మన దేశపు 2021 డ్రోన్ నియమాలు వినోదానికీ చదువుకూ కంటిచూపు మేరలో ఎగరేసే 25 కిలోలలోపు మోడళ్లకు టైప్ సర్టిఫికెట్ అక్కర్లేదన్నాయి. విమానాశ్రయాల చుట్టూ ఆంక్షలు మాత్రం వీటికీ వర్తిస్తాయి, మ్యాపు చూసుకునే మైదానానికి వెళ్లాలి.

మొదటి విమానం రెక్క పైన ఉన్నదై, రెక్క చివరలు కొంచెం పైకి లేచినదై ఉంటే మంచిది. అది చేయి వదిలితే తనంతట తాను సర్దుకుంటుంది. ముక్కు విరిగితే మైదానంలోనే టేపు వేసి మళ్లీ ఎగరేస్తారు. అతుకులు ఎక్కువై బరువెక్కాక మోటారు, చుక్కానిని కదిపే సర్వోలు, రేడియో సిగ్నల్ అందుకునే రిసీవరు, బ్యాటరీ ఊడదీసి కొత్త ఒంట్లోకి మారుస్తారు. కొనాల్సింది ఒకట్రెండు షీట్లు, కొంత జిగురు.