మా ఇంటి మూడు తుపాకులు

ఆయుధపూజ నాడు మా ఇంట్లో కొడవళ్లు, పారలు, గొడ్డలి, ట్రాక్టరు తాళంచెవి అన్నీ వరసగా పేర్చి పసుపు కుంకుమ పెడతాం. ఆ వరస చివర, పాత పంచె మడత మీద, మూడు తుపాకులు ఉండేవి. పిల్లలం ముట్టుకోకూడదు, చూడొచ్చు అంతే. ఇప్పుడు ఆ మడత మీద రెండే ఉన్నాయి. ఆ రెండూ ఇంకెన్నాళ్లు ఉంటాయో, ఎవరి పేరు మీద ఉంటాయో అన్నదే మూడేళ్లుగా మా ఇంట్లో నలుగుతున్న మాట. మీలో కూడా చాలామంది ఇళ్లలో అటక మీదో, బీరువాలోనో ఇట్లాంటిది ఒకటి ఉంటుందని మాకు తెలుసు. అందుకే రాస్తున్నాం.

మాది కోవిల్‌పట్టి పక్క నల్లరేగడి ఊరు. తెలుగు మాట్లాడే ఇళ్లు ఇక్కడ ఎట్లా పుట్టాయో కి. రాజనారాయణన్ ‘గోపల్ల గ్రామం’ చదివినవాళ్లకి మేము చెప్పక్కర్లేదు. మూడు తుపాకుల్లో పెద్దది, మందు కూరి పేల్చే పొడుగు తుపాకి. దాని గురించి మా జేజి చెప్పిన కథ ఇది: పాంచాలంకురిచ్చి కోట కూలినప్పుడు మా పెద్దలొకరు దాన్ని గడ్డివాములో దాచి ఇంటికి తెచ్చారంట, తెల్లవాడు ఊరూరా వెతికినా దొరకలేదంట.

కథకి పునాది నిజమే. కట్టబొమ్మన్ వంశం ఇంటిమాట తెలుగు. 1799 అక్టోబర్‌లో కయత్తారులో ఆయన్ని ఉరి తీశారు. తమ్ముడు ఊమైదురై 1801 ఫిబ్రవరిలో పాళయంకోట జైలు నుంచి తప్పించుకుని, కూలగొట్టిన కోటని మళ్లీ లేపాడు. ఆ మట్టికోట మీద కంపెనీ సేన మొదటి దాడిలో ఓడి వెనక్కి తగ్గింది. మే నెలలో కర్నల్ అగ్న్యూ వచ్చాక గానీ పడలేదు. అక్టోబర్ 24న తిరుప్పత్తూరులో మరుదు సోదరుల్ని ఉరితీశారు. ఆ ఏడు డిసెంబర్‌లో మద్రాసు గవర్నరు ఎడ్వర్డ్ క్లైవ్ ప్రకటన చేశాడు: పాళెగాళ్ల సీమలో ఇక ఎవరి దగ్గరా ఆయుధం ఉండకూడదు. కోటలు పడగొట్టారు, తుపాకులు, బల్లేలు లాక్కున్నారు. తెలుగువాళ్లు అన్ని పక్కలా ఉన్నారన్నది కూడా దాచకూడదు. ఎట్టయపురం వాళ్ల మాతృభాష కూడా తెలుగే, వాళ్లు కంపెనీ పక్కన నిలబడ్డారు, పాంచాలంకురిచ్చి భూముల్లో వాటా పొందారు. కంపెనీ సిపాయిల్లోనూ మనవాళ్లు ఎంతమందంటే, ఉత్తరాదిలో సిపాయికే ‘తిలంగా’ అని పేరు పడింది.

ఇంత చరిత్ర వెనకాల ఉంది కాబట్టి జేజి కథని మేమెవరమూ అనుమానించలేదు. అయిదేళ్ల కింద మా చిన్నాయన కొడుకు, లైసెన్సు పని కోసం ఫోటోలు తీస్తూ, చెకుముకి మీట ఉండే ఇనుప పలక మీద మసి తుడిచాడు. కింద చిన్న సింహం బొమ్మ కనబడింది, వెనక కాళ్ల మీద లేచి నిలబడ్డ సింహం. అందరం సంతోషించాం. తర్వాత చదివి చూస్తే సంతోషం నీరుకారింది. ఈస్టిండియా కంపెనీ తన తుపాకుల మీద ముందుగా హృదయం ఆకారంలో ఒక ముద్ర కొట్టేది, లోపల గళ్లు గీసి కంపెనీ పేరులోని పొడి అక్షరాలు. సింహం ముద్ర 1808 ప్రాంతం నుంచే. అంటే మా తుపాకి పాంచాలంకురిచ్చి చూడలేదు. కోట పడినప్పుడు అది ఇంకా తయారే కాలేదు! పైగా అది పాళెగాడి తుపాకి కాదు, కంపెనీవాడిది.

ఈ మాట జేజికి చెప్పాలా వద్దా అని ఇంట్లో రెండు రోజులు గుసగుసలు. చివరికి అబ్బే చెప్పేశాడు. జేజి ఏమీ కంగారు పడలేదు. “అయితే మనోళ్లు తెల్లోడి దగ్గర్నుంచి పట్టుకొచ్చుంటారు” అంది. కథ ఒక్క నిమిషంలో కొత్త గోడ కట్టుకుంది. మేము మాత్రం కాగితం మీద సింహం ముద్ర సంగతే రాసిపెట్టాం. పాత వస్తువుకి మనం చేయగల న్యాయం అదొక్కటే అని మా లెక్క.

రెండోది పన్నెండు బోరు జంటగొట్టాల తుపాకి. పంటలో పడే పందుల కోసం కొన్నది. దీని గురించి చెప్పేందుకు పెద్దగా ఏమీ లేదు.

మూడోది చిన్నది, కానీ బరువు, తలనొప్పి దానిదే. వెబ్లీ రివాల్వర్, ఆరో మార్కు, .455 బోరు. బ్రిటిష్ సైన్యం ఈ మోడల్‌ని 1915లో తీసుకుంది. మా అబ్బకి పెద్దనాయన మద్రాసులో వైద్యం చదివి, మొదటి ప్రపంచయుద్ధంలో ఇండియన్ మెడికల్ సర్వీసులో తాత్కాలిక కమిషన్ పుచ్చుకుని బస్రా వెళ్లాడు. ఆ రోజుల్లో ఆఫీసర్లు రివాల్వర్ తమ డబ్బుతోనే కొనుక్కునేవారు. ఆయన దాన్ని ఒక్కసారి కూడా పేల్చలేదని, టెంట్‌లో కాగితాలు ఎగిరిపోకుండా బరువుగా పెట్టుకునేవాడని ఇంట్లో చెప్పుకుంటారు.

ఇక చట్టం. 1878లో లిట్టన్ కాలంలో వచ్చిన ఆయుధాల చట్టం భారతీయుడికి లైసెన్సు తప్పనిసరి చేసి, యూరోపియన్లకి మినహాయింపు ఇచ్చింది. 1857 తర్వాత భయం ఎంతగా పట్టుకుందంటే, దేశీ సిపాయిలకి లోపల మరలు లేని నున్నటి గొట్టం తుపాకులే ఇచ్చారు, తెల్ల సైనికులకి మాత్రం మరగొట్టపు ఎన్‌ఫీల్డులు. (కర్ణాటక చదువరులకి గుర్తుండే ఉంటుంది, కొడగు వాళ్లకి మాత్రం లైసెన్సు అక్కర్లేదన్న మినహాయింపు బ్రిటిష్ కాలం నుంచీ నేటిదాకా నడుస్తోంది.) స్వతంత్రం వచ్చాక 1959లో కొత్త చట్టం వచ్చింది, 1962 అక్టోబర్ నుంచి అమలైంది. వివక్ష పోయింది గానీ, ‘సైన్యం తూటా సామాన్యుడి తుపాకిలో పట్టకూడదు’ అన్న పాత సూత్రం అట్లాగే మిగిలింది. అందుకే .303 రైఫిలు, పోలీసుల .410 మస్కెట్, .455 తూటా పట్టే రివాల్వర్, సైన్యం వాడే 9 ఎం.ఎం. పిస్తోలు, ఇవన్నీ నిషిద్ధ బోరు కింద లెక్క. మన పక్క వేటగాళ్ల దగ్గర .315 రైఫిలు అంతగా కనబడటానికి కారణం కూడా ఇదే, .303 దొరకని చోట ప్రత్యామ్నాయంగా పెరిగింది అది.

అంటే కాగితాలు పట్టే డాక్టరుగారి రివాల్వర్ చట్టం కళ్లలో సైనిక ఆయుధం. పన్నెండు బోరు లైసెన్సు కలెక్టరాఫీసులో తేలుతుంది, దీని సంగతి ఢిల్లీలో హోంశాఖ దగ్గర తేలాలి.

2019 డిసెంబర్‌లో సవరణ వచ్చింది. ఒకరి దగ్గర మూడు ఉండొచ్చన్నది రెండుకి తగ్గింది, వారసత్వంగా వచ్చినవైనా సరే. మూడోదాన్ని ఏడాదిలోగా అప్పగించాలి. మా అబ్బ లైసెన్సు పుస్తకంలో మూడూ ఉన్నాయి. ఏది పోవాలి?

అప్పుడు మొదలయింది ‘విలువ’ గొడవ. పన్నెండు బోరు ఒక్కటే అమ్ముడయ్యే సరుకు, లైసెన్సున్నవాడు ఎవడైనా కొంటాడు. న్యూజెర్సీలో ఉన్న మా అన్నయ్య వెబ్లీలకి అక్కడ వేలంలో మంచి ధర పలుకుతుందని లింకులు పంపాడు, పొడుగు తుపాకి తనకిస్తే గోడకి పెట్టుకుంటానన్నాడు. నూరేళ్లు దాటిన వస్తువుని దేశం బయటికి పంపడం 1972 పురావస్తువుల చట్టం ప్రకారం కుదరదు. వెబ్లీకి కూడా నూరేళ్లు దాటాయి. అక్కడి ధరతో ఇక్కడి వస్తువుకి సంబంధం లేదు. ఇక్కడ దాన్ని కొనగలిగేవాడే దాదాపు లేడు, తూటా దొరకదు, అమ్మబోతే ఇనుము ధర కూడా రాదేమో.

అబ్బ అందరి మాటా విని పన్నెండు బోరుని డీలరుకి ఇచ్చేశాడు. “పందుల్ని తోలడానికి టపాకాయలు చాలు” అన్నాడు. డబ్బొచ్చేది పోయింది, రానిది మిగిలింది. మా చిన్నాయనకి ఆ కోపం ఇంకా తీరలేదు. మాకు మాత్రం అబ్బ చేసిందే సరి అనిపిస్తుంది. పన్నెండు బోరు ఏ కొట్లోనైనా దొరుకుతుంది.

పొడుగు తుపాకికి ఇంకో దారి కూడా ఉంది. పాతకాలపుదై, మరమ్మతు చేసినా పేలని ఆయుధానికి చట్టం 45వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది. మాదాని గొట్టం తుప్పుతో పూడుకుపోయింది. కానీ పేలుతుందా పేలదా అన్నది మనింట్లో కూచుని మనం తేల్చుకునే మాట కాదు, అధికారుల చేత చూపించి కాగితం తీసుకోవాలి. అది వచ్చేదాకా పుస్తకంలోంచి తీసేయించొద్దని అబ్బ పట్టు.

ఇక వారసుడు. 2016 నిబంధనల ప్రకారం లైసెన్సుదారు పోయేదాకా ఆగక్కర్లేదు. ఆయనకి 70 నిండినా, ఆయుధం 25 ఏళ్లు తన దగ్గర ఉన్నా, బతికుండగానే వారసుల్లో ఒకరికి ఇప్పించమని అడగొచ్చు. తక్కిన వారసులు అభ్యంతరం లేదని రాసివ్వాలి, తీసుకునేవాళ్లు భద్రతా శిక్షణ పొందాలి. ఇది ఆలస్యం చేస్తే ఏమవుతుందో మా బంధువులింట్లో చూశాం. ఇంటిపెద్ద హఠాత్తుగా పోయాడు, చట్టం చెప్పినట్టు తుపాకిని ఠాణాలో అప్పగించారు, అన్నదమ్ముల సంతకాలు కుదరడానికి తొమ్మిదేళ్లు పట్టింది. తిరిగి చేతికొచ్చేసరికి కర్రమడమ చెదలు తిని పొట్టు రాలుతోంది. లైసెన్సున్న డీలరు దగ్గర కూడా అప్పగించొచ్చు, అద్దె తీసుకున్నా నూనె పెట్టి ఉంచుతాడు. అటక మీద లైసెన్సు లేనిది దొరికినవాళ్లు కూడా దాచుకోవద్దు, ముందు వకీలుని అడిగి వెంటనే అప్పగించండి. తాత పేరు చెప్పినంత మాత్రాన కేసు ఆగదు.

మా ఇంట్లో మగపిల్లలు ఒకడు అమెరికా, ఒకడు బెంగళూరు, ఒకడికి ఈ గోలే వద్దు. ఊరికి దగ్గరగా, మదురైలో ఉన్నది మా మేనత్త కూతురు, బడిలో చరిత్ర చెబుతుంది. “నాకివ్వండి తాతా, పుస్తకంతో సహా” అంది. ఆడపిల్లకి రివాల్వరేంటని పెద్దవాళ్లు నసిగారు. అబ్బ నవ్వాడు. వాళ్లమ్మ, అంటే మా మేనత్త, వారసురాలే కదా, ముందు ఆమె పేరు మీదికి వచ్చాక ఆ పిల్లకి అన్నాడు.

ఆమె వచ్చిన మొదటి రోజే తుపాకుల జోలికి పోలేదు. లైసెన్సు పుస్తకాలన్నీ తెచ్చి నేలమీద పరిచింది, 1930ల నాటి ఇంగ్లీషు చేతిరాత దగ్గర్నుంచి. ఏ ఏడు ఏ ఊళ్లో రెన్యువల్, ఎన్ని తూటాలు, ఎవరి సంతకం. ఎన్నికలొచ్చినప్పుడల్లా ఠాణాలో అప్పగించిన రశీదులు, ఒక కట్ట. మా ఇల్లు ఎప్పుడెప్పుడు ఏ ఊరు మారిందో మాకెవరికీ సరిగ్గా తెలియదు, ఆ పుస్తకాల్లో తేదీలతో సహా ఉంది. అన్నీ ఫోటోలు తీసుకుంది. జేజి కథని కూడా ఫోన్‌లో రికార్డు చేసింది, పాతదీ, మార్చిందీ రెండూ.

సంతకాలు ఆరు కావాలి. నాలుగు అయ్యాయి. న్యూజెర్సీది కాన్సులేట్ ముద్రతో రావాలి, చిన్నాయనది మాత్రం సంక్రాంతికి ఊరొచ్చినప్పుడు అడుగుతామని అబ్బ అంటున్నాడు. అబ్బకి ఇప్పుడు 83.